మా మేనత్త, డిచ్‌పల్లి దవాఖాన

రా బిడ్డా, ఆ పీట ఇటు గుంజుకొని కూసో. సలి ముదిరింది ఇయ్యాల. గొంగడి కప్పుకో. తుమ్మ మొద్దు ఏసిన, పడుకునే యాళ్ల దాంక కాలుతది. నిప్పులల్ల మోరంగడ్డలు పెట్టిన, జర ఉడకనియ్యి.

మొఖం గట్ల మాడ్సుకున్నవేంది? ఆ కిందింటోళ్లు తలుపేసుకున్నరా? పిలగాని ఈపు మీద తెల్లమచ్చ ఉన్నదని నువ్వు చూడనీకి పోతే, మా పిలగానికి ఏం లేదు, పో అన్నరా? కోపం చెయ్యకు. ఆశా పని ఒప్పుకున్నంక గివన్ని పడాలె. నువ్వు మచ్చను చూడనీకి పోయినవు. వాళ్లు ఊరిని చూసి తలుపేసుకున్నరు. నాకు ఎరుకే ఆ తలుపు. మనింట్ల గూడ ఒకప్పుడు గట్లనే పడ్డది.

నీకు ఎన్నడు చెప్పలే గని, మా బాపుకు ఒక్కతే చెల్లె. నాకు మేనత్త. నేను పుట్టకముందే లగ్గమై వాగవతలి ఊరికి పోయింది. ఓనాడు పొయ్యి మీదికెల్లి గంజి దించుతుంటే చెయ్యి కాలి తోలు లేచిందట. ఆమెకు తెల్వనే లేదు. గంజి దించి, బువ్వ పెట్టి, పనంత చేసుకున్నంక అత్తగారు చూసి, అదేందే నీ చెయ్యి అన్నదట. అన్నంక చూసుకున్నది. గంతే. మోచెయ్యి మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉన్నది, అది ఎప్పటి సంది ఉన్నదో ఎవలకెరుక. తెల్లారి బండి కట్టి పుట్టింటికి తోలిచ్చిండ్రు. పెద్దరోగం అన్న మాట నోట అనలే. "పాణం మంచిగలేదు, కొన్నొద్దులు ఉంచుకోండ్రి" అన్నరట. ఆ కొన్నొద్దులు ఎన్నడు ఒడవలే. మొగడు మళ్ల లగ్గం చేసుకున్నడు. అప్పట్ల అది తప్పని ఎవలూ అనలే. అప్పట్ల ఏంది, పెండ్లాం మొగుళ్లల్ల ఎవలకన్న కుష్ఠు ఉంటే ఇడాకులు ఇయ్యొచ్చని కాయిదంల రాసి ఉండె, దాన్ని కొట్టేసింది మొన్న 2019ల. అంటే నీ పెద్ద పోరి పుట్టినంకనే.

ఇగ మనూరు. ఊరు పేరు మనదే, చెప్పుకుంటే మనకే సిగ్గు. పెద్దమనుషులు కూసున్నరు, మాట చెప్పిండ్రు. చెరువు కట్ట కింద గుడిసె ఏసుకోవాలె. బాయి కాడికి రావద్దు. బువ్వ బండ మీద పెట్టి పోతే, పెట్టినోళ్లు మర్లినంక వచ్చి తీసుకోవాలె. గట్లనే ఉండేటోళ్లు అందరు. లేకుంటే జాతరలల్ల, టేషన్లల్ల చిప్ప పట్టుకొని కూసునేటోళ్లు. అత్తకు అప్పుడు ఎంత, పద్దెనిమిది పందొమ్మిది ఏండ్లు. ఒక్కతి, చెరువు కట్ట కింద. మా బాపు రాత్రి పోయి గుడిసె బయట పండేటోడట, కుక్కలు రాకుండ.

బాపుకు అప్పుడు బండి కిరాయి. డిచ్‌పల్లి టేషన్ కాడికి ధాన్యం బస్తాలు కొట్టేటోడు. ఆడ ఎవలో చెప్పిండ్రు, గీడనే దొరసాని కట్టిన దవాఖాన ఉన్నది గదా, గాడికి తోలుకపోరాదు అని. బాపు భయపడ్డడు. ఎందుకంటే ఊర్ల ఒక మాట ఉండె, ఆడికి పోతే మతం కలుపుతరు, మళ్ల పంపరు అని. నెల రోజులు ఆగిండు. ఇగ వానకాలం వచ్చి గుడిసెలకు నీళ్లొచ్చినంక, రాత్రికి రాత్రి బండి కట్టిండు. ఎవలు చూడకుండ. మంచి పనికి పోయేటోడు దొంగోని తీర్గ పోయిండు.

ఆ దవాఖాన కత నేను పంతులునైనంక చదివి తెలుసుకున్న. చెప్పుత ఇను. ఇసాబెల్ కెర్ అని స్కాట్లాండుల పుట్టిన డాక్టరమ్మ. ఆమె మొగడు జార్జి కెర్, పాదిరి. 1907ల హైదరాబాద్ రాజ్యానికి మెథడిస్టు మిషన్ల వచ్చిండ్రు, తర్వాత ఇందూరుల కాపురమున్నరు. ఆడ ఆమె చూసింది. జ్వరానికి, కాన్పుకు మందు అడుగనీకి వచ్చేటోళ్లు ఉన్నరు గని, ఎవలూ దగ్గరికి రానియ్యక దూరం నిలవడ్డోళ్లు గూడ ఉన్నరు. 1911ల ఆళ్ల కోసమని పని మొదలువెట్టింది. పైసలు కావాలె గదా? ఇచ్చింది ఎవలనుకున్నవు? మన ఇందూరు రాజా నర్సాగౌడ్. హిందువుల పెద్దమనిషి, క్రైస్తవుల దవాఖానకు సొమ్ము ఇచ్చిండు. ఊర్ల మతం కలుపుతరు అని భయపడ్డోళ్లకు ఈ ముచ్చట తెల్వదు. 1915 నాటికి డిచ్‌పల్లిల దవాఖాన నిలవడ్డది. విక్టోరియా దవాఖాన అని పేరు.

మెదక్ గుడి అందరికి ఎరుకే. పోస్నెట్ దొర కరువుల జనానికి పని పెట్టి బువ్వ పెట్టి కట్టిచ్చిన గుడి, 1924ల పూర్తయింది. దాన్ని చూడనీకి బస్సులు కట్టుకొని పోతరు. అదే మిషనోళ్లు కట్టిన డిచ్‌పల్లి దవాఖాన ముంగట నుంచి దినాం బస్సుల పోయేటోళ్లు కిటికీ మూసుకునేటోళ్లు. గాలికి అంటుకుంటదట!

నువ్వు ఆశా పని చేస్తున్నవు గనుక నీకు చెప్పుతున్న. డాక్టరమ్మ ఒకటి పట్టుబట్టింది. ఇది సచ్చేదాంక పడి ఉండే ఆశ్రమం గావద్దు, వైద్యం చేసి పంపే దవాఖాన గావాలె అని. అప్పట్ల మందు అంటే నీరడి ఇత్తుల నూనె. మన నాటు వైద్యులకు గూడ ఎరుకున్న మందే అది. తాగితే కక్కుకునేటోళ్లు, కడుపుల నిలువదు. కలకత్తాల రోజర్స్ అనే డాక్టరు దాన్ని సూదిమందు లెక్క చేసిండు. ఆ సూది డిచ్‌పల్లికి వచ్చింది. తోలు కింద గడ్డ కట్టేది, వారాల కొద్ది గుంజేది. రోగం మొదలుల వచ్చినోళ్లకు మంచిగ పనిచేసేది, ముదిరినంక వస్తే కష్టం. ఆ ఆలుమగలకు 1923ల సర్కారోళ్లు కైసరే హింద్ పతకం ఇచ్చిండ్రు. 1932ల డాక్టరమ్మ కాలం చేసింది. మా అత్త ఆమెను చూడలే. కని ఆమె పెట్టిన పద్ధతులల్లనే బతికింది.

పోయిన మొదటి రోజు సంగతి అత్త నాకు చానసార్లు చెప్పింది. బండి దిగి, అలవాటు ప్రకారం దూరంగ చింతచెట్టు కింద నిలవడ్డదట. లోపల్నుంచి ఒక నర్సమ్మ వచ్చి, నీ పేరేంది అని అడిగింది. ఆమె పేరు చెప్పనీకి నోరు రాలేదట. అప్పటికి ఏడాదిన్నర అయింది, ఆమెను ఎవలూ పేరు పెట్టి పిలువక. మా బాపు సుత "చెల్లే" అంటడు గదా, పేరు అనడు. నర్సమ్మ పేరు రాసుకున్నది, చెయ్యి పట్టుకొని లోపలికి తోలుకపోయింది. చెయ్యి పట్టుకున్నది అని చెప్పినప్పుడల్ల అత్త తన చెయ్యి తనే చూసుకునేది.

లోపల పని ఉండె. ఉత్తగ కూసొని తినుడు లేదు. చేతనైనోళ్లు పొలం చేసేటోళ్లు, వంట చేసేటోళ్లు, కట్లు కట్టేటోళ్లు. చదువురానోళ్లకు చదువు. అత్త ఆడనే అక్షరాలు నేర్చుకున్నది, మా బాపుకు వేలిముద్రనే. రెడ్డిది మాదిగది ఒక్క బంతిల కూసునేది. అత్త నవ్వుకుంట అనేది: "మాకు ఆడ ఒక్కటే కులం రా, మచ్చ కులం." పొద్దున ప్రార్థనకు పోయేది. కలుపు తీసేటప్పుడు మెల్లగ బతుకమ్మ పాట అందుకునేది. ఎవలూ వద్దనలే అని చెప్పింది. ఊర్ల మాత్రం మతం కలిసింది అనే అన్నరు. అననియ్యి.

బాపు ఆ దవాఖానకు కట్టెలు, వడ్లు తోలుడు మొదలువెట్టిండు. కిరాయి తక్కువే అయినా పోయేటోడు, చెల్లెను చూడొచ్చని. నాకు ఐదారేండ్లు వచ్చినంక నన్ను సుత బండెక్కిచ్చుకునేటోడు. కని ఇంట్ల చెప్పొద్దని ఒట్టు. నేను బండి మీదనే కూసునేటోన్ని. దూరంగ తెల్లచీర కట్టుకొని ఒకామె చెయ్యి ఊపేది. నేను సుత ఊపేటోన్ని. అది మా అత్త అని తెలుసు. దగ్గరికి పోవద్దని సుత తెలుసు. ఎవలు చెప్పిండ్రో యాదికి లేదు, పోరగాండ్లకు అసుంటియి చెప్పాల్సిన పని లేదు, ఇంట్ల గాలిలనే ఉంటయి.

రజాకార్ల లొల్లి అయింది, పోలీసు చర్య అయింది. మిషనోళ్లు 1947ల సీఎస్‌ఐ అనే చర్చిల కలిసిండ్రు. ఇవేవి అత్తకు పెద్దగ పట్టలే. ఆమెకు పట్టింది గోలీ. తెల్లగ చిన్నగ, డాప్సోన్ అని. సూది బాధ పోయింది, దినాం గోలీ మింగుడే. అగ్గువ మందు, పేదోళ్లకు అందేది. ఇంకో సంగతి చెప్పాల్నా? ఆ గోలీని కొద్దికొద్దిగ ఇస్తే సాలు, నోట్ల ఏసుకుంటె సాలు అని నైజీరియాల పరీక్ష చేసి చూపిచ్చినోళ్లల్ల జాన్ లో అని ఒక డాక్టరు ఉన్నడు. ఆయన అంతకుముందు పనిచేసింది ఎక్కడనుకున్నవు? మన డిచ్‌పల్లిలనే! డిచ్‌పల్లి నుంచి కలకత్తా, కలకత్తా నుంచి ఆఫ్రికా. మనం కిటికీలు మూసుకున్న కాడికెల్లి.

ఆంధ్రప్రదేశ్ అయిన ఏడాది, 1956. అత్తకు రోగం లేదని కాయిదం రాసిచ్చిండ్రు. బాపు పండుగ లెక్క బండికి కొత్త తట్టు కట్టి పోయిండు. నాకు పద్నాలుగేండ్లు. ఈసారి పొద్దటి పూట, అందరు చూస్తుండంగ ఊర్లకు తోలుకొచ్చిండు. అత్త ఆ కాయిదాన్ని గుడ్డల చుట్టి రొండిల చెక్కుకున్నది. ఎవలూ అడగలే దాన్ని. ఆమె వేళ్లు చూసిండ్రు. కుడిచెయ్యి రెండు వేళ్లు వంకర పోయినయి, ఒక వేలు సగమే. రోగం పోయినా వేళ్లు రావు గదా.

మా అవ్వ చెడ్డది గాదు. నా కండ్లతోని చూసిన గనుక చెప్పుతున్న, చెడ్డది గాదు. కని అత్తకు తలె వేరే పెట్టింది. చెంబు వేరే. వెనక అర్రల ఈతచాప. బాయి కాడికి పోతే ఎవలన్న చేది పొయ్యాలె, అందాక నిలవడాలె. ఎవలు తిట్టలే, ఎవలు పొమ్మనలే. ముంగటి లెక్క చెరువు కట్ట గాదు, ఇంట్లనే చెరువు కట్ట.

గా సలికాలం, గిట్లనే నెగడు. గిట్లనే మోరంగడ్డలు. నేను కట్టె కోసం దేవులాడుతుంటే, అత్త వంగి నిప్పులల్ల చెయ్యి పెట్టి గడ్డ తీసింది. ఉత్త చెయ్యి! నేను నోరు తెరిచిన. ఏం మంత్రమో అనుకున్న. బూడిద దులిపి, ఉఫ్ ఉఫ్ అని ఊది, రెండు ముక్కలు చేసి నా చేతుల పెట్టింది. అప్పుడొచ్చింది వాసన. తోలు కాలిన వాసన. అత్త నవ్వుతనే ఉన్నది, ఆమెకు తెల్వదు. నేను చూపిచ్చినంక చూసుకున్నది, ఎన్కట అత్తగారింట్ల చూసుకున్నట్టే.

గప్పుడే మా అవ్వ వచ్చింది. నా చేతిల గడ్డను గుంజుకొని పెంటకుప్ప మీద ఏసింది. అత్త చెయ్యి కాలింది చూడలే. నేను సుత ఏం అనలే. వద్దు అవ్వా అనలే, తింట అనలే. ఆ గడ్డ తియ్యటి వాసన వస్తున్నది, నాకు ఆకలి సుత ఉన్నది. ఊకున్న. ఏండ్ల సంది అదే యాదికొస్తది, రోగం గాదు.

వేళ్లు ఎట్ల పోతయో అప్పుడు నాకు తెల్వదు. కుష్ఠు వేళ్లను తింటదని అనుకునేటోళ్లు అందరు. వేలూరుల పాల్ బ్రాండ్ అనే డాక్టరు అది తప్పని చూపిచ్చిండు. రోగం నరాన్ని సంపుతది, స్పర్శ పోతది. స్పర్శ పోయినంక నిప్పు, ముల్లు, రాయి ఒక్కటే. పుండు అయితది, నొప్పి లేకపాయె గనుక ఆ కాలు మీదనే నడుస్తరు, ఎముక దాంక పోతది. మా అత్త సగం వేలు రోగం తినలే, పొయ్యిల నిప్పు తిన్నది. నొప్పి అంటే మనం ఏడుస్తం గని, అది మనకు కావలికాడు.

రెండు పంటలు ఉన్నది మనింట్ల. ఓనాడు పొద్దుగాల మా బాపుతోని అన్నది: "అన్నా, బండి కట్టు. మా ఊరికి వోత." బాపు, ఏ ఊరు చెల్లే, ఇదే గదా నీ ఊరు అన్నడు. ఆమె ఏమనలే. గుడ్డల మూట అప్పటికే వాకిట్ల పెట్టుకొని ఉన్నది. బాపు బండి కట్టిండు. గిప్పుడు చెప్పు, ఆ దవాఖాన మంచిగ చేసినట్టా, మనం చెడగొట్టినట్టా? పంపనీకే కట్టిన దవాఖాన అది. పంపింది సుత. తీసుకునేటోళ్లే లేరు. డిచ్‌పల్లి గురించి ఎవలన్న గొప్పగ చెప్పితే నాకు సంబురం అయితది, వెంటనే తల వంచుకోవాలె అనిపిస్తది. రెండు ఒక్కసారే.

ఇగ ఆడనే ఉన్నది. రోగిగ గాదు, పనిమంతురాలిగ. కొత్తగ వచ్చినోళ్లు దూరం నిలవడితే ఈమెనే ఎదురు పోయి పేరు అడిగేది. దినాం కాళ్లు నీళ్లల్ల నానబెట్టాలె, మందమైన తోలు మెల్లగ గీకాలె, నూనె రాయాలె, పండుకునే ముంగట దీపం పట్టుకొని అరికాలు చూసుకోవాలె. నీ కండ్లే నీ నొప్పి అని చెప్పేది. గంజి దించాలంటే గుడ్డ, మొద్దు పిడి ఉన్న గంటె. తర్వాత తర్వాత మెత్తటి రబ్బరు చెప్పులు వచ్చినయి. కొత్తయి ఏసుకొని నాకు నడిచి చూపిచ్చింది, లగ్గం పిల్ల లెక్క.

నేను పంతులు కొలువుల చేరినంక జీతం తీసుకొని మొదట ఆమె కాడికి పోయిన. ఒక చీర, సేరు మిఠాయి పట్టుకొని. ఆమె చాయ్ పెట్టింది. కప్పు నా ముంగట పెట్టి నా మొఖం చూసింది. తాగిన బిడ్డా, తాగిన. కని చెయ్యి వణికింది. అబద్ధం చెప్ప. అన్ని చదివిన, ఇది గట్ల అంటుకునే రోగం గాదని, చానమందికి ఒంట్లనే తట్టుకునే బలం ఉంటదని, మందు మింగినోళ్ల నుంచి రానే రాదని. ఎరుకున్నా వణికింది. ఆమె చూసి నవ్వింది. రెండోసారి పోయినప్పుడు వణకలే. మూడోసారికి ఆమె తలెలకెల్లి నేనే తీసుకొని తిన్న.

1988ల పోయింది అత్త. ఆడనే మట్టిల పెట్టినం, ఆమె గట్లనే చెప్పి పెట్టుకున్నది. ఆ దవాఖానోళ్లు మస్తుమంది వచ్చిండ్రు. చేతులు మంచిగలేనోళ్లు సుత తలా ఇంత మన్ను ఏసిండ్రు. మనూరి నుంచి ముగ్గురం.

ఇప్పుడైతే నీకే నాకంటె ఎక్కువ ఎరుక. మూడు మందులు కలిపి ఇస్తున్నరు. మచ్చలు తక్కువుంటే ఆరు నెలలు, ఎక్కువుంటే ఏడాది. సర్కారు దవాఖానల ఉత్తగనే. 2005 ఆఖరుకు, దేశంల పదివేల మందిల ఒక్కరికన్న తక్కువకు వచ్చిందని చెప్పిండ్రు. అయిపోయింది అనుకున్నరు అందరు. అయిపోతే నీ బుక్కుల కుష్ఠు గడి ఎందుకున్నది? నూరేండ్లకు మీద పడ్డ కుష్ఠోళ్ల చట్టం, పట్టుకపోయి బంధించుమని రాసిన తెల్లోళ్ల చట్టం, దాన్ని కొట్టేసింది సుత 2016ల. చట్టం పోయింది, ఆ ఇంటి తలుపు ఉన్నది.

ఇగ చెప్పుత ఇను. రేపు ఆ పుస్తకం, ఆ బ్యాగు పట్టుకొని పోకు. సంఘంల అడుగుతరని చెప్పకు. పొద్దెక్కినంక నేను సుత వస్త. ఆ పిలగాని తాత నా కాడ నాలుగో తరగతి చదువుకున్నోడే, నన్ను చూసి తలుపేసుకోడు. నేను వాళ్లింట్ల చాయ్ అడిగి తాగుత. పిలగాన్ని ఒళ్లె కూసోపెట్టుకుంట. నువ్వు ఊకె నా పక్కన కూసో. దూది నా జేబుల ఉంటది. కండ్లు మూసుకో బిడ్డా, ఎక్కడ ముట్టిన్నో చెప్పు అని ఆట లెక్క ఆడుకుంట చూస్తం. చెప్పితే సంబురం. చెప్పకపోతే మన అత్త కత చెప్పుత వాళ్లకు, గోలీల కత నువ్వు చెప్పు.

అగో, మాట్లాడుకుంట మర్చిపోయినం, గడ్డ మాడుతున్నది. తియ్యి. ఏయ్, చెయ్యి పెట్టకు! ఆ పుల్ల తీసుకో.